లోకనాథం సారు బుగ్గలు

జీలుగువలస ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయులు తవిటినాయుడు మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పరు. ముందు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటారు, తరువాత చెప్పులు తొడుక్కుంటారు. చెప్పులు తొడిగారంటే ఆ జవాబు నోటితో వచ్చేది కాదని, దాన్ని చూడటానికి తనూ ఆయన వెంట నడవాలని అడిగినవాడు గ్రహించుకోవాలి. ఒకసారి ఆ ఊరి సర్పంచి వచ్చి, "మధ్యాహ్న భోజనం పిల్లలు ఎందుకు పారబోస్తున్నారు మాస్టారూ?" అని అడిగాడట. మాస్టారు చెప్పులు తొడుక్కుని ఆయన్ని వంటపాక దగ్గరికి తీసుకెళ్ళి, పిల్లల వరసలో కూచోబెట్టి, కంచం పెట్టించారు. సర్పంచి రెండో ముద్ద మింగలేక లేచిపోయాడు. ఆ మర్నాటి నుంచి కూరలో ఉప్పు పడింది. ఆ పూటంతా మాస్టారు మాట్లాడిన మాట ఒక్కటే: "మరికాస్త వడ్డించమంటారా?" అని.

ఇటువంటి మనిషి దగ్గరికి ఉద్యోగంలో కొత్తగా చేరినవాడు లోకనాథం. పాతికేళ్ళవాడు, శ్రీకాకుళం టౌన్‌లో పుట్టి పెరిగినవాడు, ఉపాధ్యాయ శిక్షణలో తన తరగతికంతటికీ ప్రథముడు. అందులోనూ పసిపిల్లలకు అన్వేషణ పద్ధతిలో పాఠం చెప్పడమనే విషయంలో అతన్ని మించినవాడు లేడని పేరు. పిల్లవాడికి ముందు ఆశ్చర్యం కలగాలి, ఆశ్చర్యంలోంచి ప్రశ్న రావాలి, ప్రశ్నకు వాడే ఒక ఊహ కట్టాలి, ఆ ఊహ నిజమో కాదో వాడే చేతులతో పరీక్షించి తేల్చుకోవాలి, మాస్టారు పక్కన నిలబడాలి తప్ప అడ్డం నిలబడకూడదు. ఈ సంగతిని అతను పరీక్షలో ఎంత చక్కగా రాశాడంటే, దిద్దిన ఆచార్యులు దాన్ని తరగతిలో చదివి వినిపించారని చెప్పుకుంటారు. ఎవరూ చెప్పుకోని రోజున అతనే చెప్పుకుంటాడు.

చిక్కల్లా ఏమిటంటే, జీలుగువలస రెండో తరగతి పిల్లలు ఆ వ్యాసం చదవలేదు. లోకనాథం ఎన్ని వింతలు పట్టుకొచ్చి చూపించినా వాళ్ళు చేతులు కట్టుకుని, బాసింపట్టు వేసుకుని, గుడ్లప్పగించి చూసేవారు. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడిగితే ఒట్టు. పోయిన నెలలో మండల విద్యాధికారి సత్యవాణి గారు తనిఖీకి వచ్చి, పాఠమంతా వెనక బల్ల మీద కూచుని విన్నారు. వెళ్ళేటప్పుడు నవ్వుతూనే అన్నారు: "పాఠం చాలా బాగుంది బాబూ, వింటూంటే నాకే హాయిగా ఉంది. పిల్లల గొంతు మాత్రం ఒక్కసారీ వినిపించలేదు. వచ్చే నెల మళ్ళీ వస్తాను. అప్పుడూ ఇదే వరస అయితే మిమ్మల్ని జిల్లాలో జరిగే శిక్షణకు ఇంకోసారి పంపక తప్పదు."

ఆ శిక్షణ ఇచ్చేది హరిప్రియ. లోకనాథం తరగతిలో ద్వితీయురాలు. ఆమె ఎదురుగా బల్ల మీద బుద్ధిగా కూచుని, పిల్లల చేత ప్రశ్నలు అడిగించడం ఎలాగో ఆమె చెబుతుంటే తల ఊపాలన్న తలపుకే అతనికి అన్నం సయించడం మానేసింది. ఆ పరువు సంగతి అలా ఉంచినా, దానికింద ఇంకో భయం ఉంది, అది ఎవరికీ చెప్పుకోలేదు. తనకు పాఠం చెప్పడం గురించి తెలుసు గాని, పాఠం చెప్పడం తెలియదేమో. ఆ మాటే అతన్ని అన్నిటికంటే బాధపెట్టేది, ఎందుకంటే అతనికి ఈ పని నిజంగానే ఇష్టం. పిల్లలంటే ఇంకా ఇష్టం.

విద్యాధికారి రావడం రేపనగా, సాయంకాలం బడి వదలడానికి ఇంకా గంట ఉందనగా, లోకనాథం పంతం వదిలి పెద్దాయన ముందు నిలబడ్డాడు.

"మాస్టారూ, పిల్లలకి ప్రశ్న అడగడం ఎలా నేర్పాలి? నాకు తెలిసినవన్నీ చేసి చూశాను. మీరే దారి చూపించాలి."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. చెప్పులు తొడుక్కున్నారు. ఆ బడికి ఉన్నవి రెండే గదులు గనక ఈసారి పెద్దగా నడవాల్సిన పని పడలేదు. లోకనాథం గదిలోకి వచ్చి, వెనక గోడకు చేరబడి కూచుని, "రేపు చెప్పబోయే పాఠం నాకోసం ఒకసారి చెప్పు బాబూ" అన్నారు.

రేపటి పాఠం, నీళ్ళలో ఏవి తేలతాయి, ఏవి మునుగుతాయి అన్నది. లోకనాథం ముందే అన్నీ అమర్చుకున్నాడు. బల్లమీద నీళ్ళ టబ్బు, దాని పక్కన గులకరాయి, జీడిపిక్క, కొబ్బరిచిప్ప, తాళంచెవి, సబ్బుముక్క. అతను రాయిని ఎత్తి పట్టుకుని, గొంతులో బోలెడు ఆశ్చర్యం నింపుకుని, "పిల్లలూ, ఈ రాయిని నీళ్ళలో వేస్తే ఏమవుతుంది? బాగా ఆలోచించండి!" అన్నాడు. పిల్లలు చేతులు కట్టుకున్నారు. వాళ్ళు ఊపిరి పీల్చుకునే లోపల అతనే, "మునుగుతుంది!" అన్నాడు. రాయి మునిగింది. "ఎందుకు మునిగింది? ఆలోచించండి, తొందరేం లేదు!" అన్నాడు. తొందర లేదన్న మాట ఇంకా గాల్లో ఉండగానే, "బరువు కాబట్టి!" అన్నాడు. "బరువు కాబట్టి" అని పిల్లలు రాగం తీశారు. అలా టబ్బులోకి అన్నీ దిగాయి, అన్నింటికీ కారణాలు తెలిశాయి, తెలియజేసినవాడు ఒక్కడే. చివర అతను, "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని అడిగాడు. "లేవు సార్" అని గది దద్దరిల్లింది. ఆ ఒక్కమాట వాళ్ళు హుషారుగానే అన్నారు, ఆ తరువాత వచ్చేది ఇంటి గంట గనక.

లోకనాథం చెమట తుడుచుకుని మాస్టారి వైపు జాలిగా చూశాడు. చూశారా, ఇంత చేసినా ఇంతే, అన్నట్టు. మాస్టారు పక్కనే సంచి సర్దుకుంటున్న పిల్లను పిలిచారు. ఆ పిల్ల పేరు లిఖిత. బడిలో చేరిన నాటినుంచి హాజరుకి తప్ప నోరు తెరిచిన పాపాన పోలేదు.

"ఏమ్మా, మీ సారు అంతసేపు ప్రశ్నలు అడిగారు గదా. నువ్వు ఒక్కదానికైనా చెప్పలేదేం?"

లిఖిత కాసేపు కాళ్ళవంక చూసుకుని, చిన్నగా అంది: "కాసేపుంటే సారే సెప్పేస్తారు గదండీ."

ఆ మాటలో తప్పుపట్టడం ఏమీ లేదు. తప్పకుండా వచ్చే బస్సు కోసం అరుగుమీద కూచున్నవాళ్ళు మాట్లాడినట్టే మాట్లాడింది. లోకనాథానికి మాత్రం తల కొట్టేసినట్టయింది. పిల్లలు వెళ్ళిపోయాక కూడా అలాగే నిలబడిపోయాడు. అసలు తను ఎక్కువసేపు ఆగాననే అతని నమ్మకం. ఒక్కొక్క ప్రశ్నకూ యుగం గడిచినట్టు అనిపించేది అతనికి.

"రేపు ఆగుతాను మాస్టారూ. ఎంతసేపైనా ఆగుతాను" అన్నాడు.

"ఆగలేవు బాబూ" అన్నారు మాస్టారు, దయగా. "జవాబు తెలిసినవాడు ఆగలేడు. రేపు మేడమ్ గారు వచ్చి కూచున్నాక, పాఠం మొదలుపెట్టే ముందు, బయటికెళ్ళి నోటినిండా నీళ్ళు పట్టి వచ్చి నిలబడు. మింగకు. ఉమ్మకు."

లోకనాథం ఆయన ముఖంలోకి చూశాడు. వేళాకోళం లేదు.

"మరి పాఠం ఎవరు చెబుతారండీ?"

మాస్టారు చెప్పులు విడిచేశారు. ఆయన చెప్పులు విడిచారంటే ఇక అడగడానికి లేదు.

మర్నాడు మధ్యాహ్నం సత్యవాణి గారు చెప్పిన వేళకే వచ్చారు. గంజిపెట్టిన నేతచీర, మెడలో వేలాడే కళ్ళజోడు, చేతిలో మూత తీసి సిద్ధంగా పట్టుకున్న పెన్ను. వెనక బల్లమీద ఆమె ఒక పక్క, చెప్పులు తొడుక్కునే వచ్చిన తవిటినాయుడు మాస్టారు ఒక పక్క కూచున్నారు. లోకనాథం తనకు తోచిన జాగ్రత్త ఇంకొకటి కూడా తీసుకున్నాడు. రాత్రంతా కూచుని ఒక పెద్ద చార్టు రాసుకొచ్చి, నల్లబల్లకు తగిలించాడు. ఏవి తేలతాయో, ఏవి మునుగుతాయో, ఎందుకో, అన్నీ రంగురంగుల స్కెచ్ పెన్నులతో దానిమీద ఉన్నాయి. నోరు మూతపడినా జవాబు మాత్రం పిల్లల కళ్ళముందు ఉంటుందని అతని ధీమా. మాస్టారు ఆ చార్టును చూసి కళ్ళజోడు మరోసారి తుడుచుకున్నారు.

లోకనాథం బయటికెళ్ళి బిందెలోంచి గ్లాసుడు నీళ్ళు నోట్లో పోసుకుని వచ్చి, టబ్బు పక్కన నిలబడ్డాడు. రెండు బుగ్గలూ ఉబ్బి, కళ్ళు కొంచెం బయటికొచ్చి, మనిషి కొత్తగా కనబడుతున్నాడు. పిల్లలు లేచి దణ్ణం పెట్టి, కూచుని, చేతులు కట్టుకుని, సారు చెప్పబోయేదాని కోసం ఎదురుచూశారు. సారు చెప్పలేదు. వాళ్ళు ఇంకాస్త ఎదురుచూశారు. సారు ఇంకాస్త చెప్పలేదు. బయట ఎక్కడో మేక అరిచింది. మామూలుగా అయితే ఈపాటికి రాయి మునిగి, దానికి కారణం కూడా తెలిసిపోవాలి. లోకనాథం నోట్లో నీళ్ళు ఉన్నచోట ఉండకుండా ఊరుతూ పెరుగుతున్నాయి. ఈ విషయం మాస్టారు ముందు చెప్పలేదే అని అతనికి మండింది. సత్యవాణి గారు పెన్ను ఎత్తి ఏదో రాసుకున్నారు. అది హరిప్రియ పేరేనని అతనికి రూఢిగా అనిపించింది.

ముందువరసలో పైడిరాజు అనే కుర్రాడున్నాడు. ఊరుకోవడం ఒంటికి పడనివాడు. వాడి చేతుల కట్టు ముందు ఊడింది.

"సారు బుగ్గలేటి, బూరెల్లాగున్నాయి?" అన్నాడు.

సారు కొట్టలేదు, కసరలేదు. కసరడానికి నోరు ఖాళీ లేదు. దాంతో మిగతావాళ్ళకి ధైర్యం వచ్చింది.

"పన్ను నొప్పేమో. మా తాతకి పన్ను నొప్పెడితే ఇలాగే వాసింది" అంది వెనకనుంచి ఒక గొంతు.

"మీ తాతకి ఒక బుగ్గే వాసింది, నాను సూసినాను" అన్నాడు పైడిరాజు. "సారుకి రెండూ వాసినాయి. రెండేపులా ఒక్కపాలే నొప్పెడతాదేటి?"

"గవదబిళ్ళలు!" అని లేచింది ఢిల్లేశ్వరి. ఆ విషయంలో ఆ పిల్లకు అనుభవం ఉంది. పోయిన ఏడాది తనకు వచ్చి, బడి ఎగ్గొట్టే భాగ్యం దక్కింది. కానీ ఉత్త మాటతో ఊరుకోలేదు, దగ్గరికొచ్చి సారు ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. లోకనాథం టబ్బు వైపు వేలు చూపించి, రాయి వైపు వేలు చూపించి, కళ్ళతో బతిమాలాడు. పాఠం అక్కడుంది తల్లీ, ఇక్కడ కాదు. ఢిల్లేశ్వరి అదేం పట్టించుకోలేదు. చెవుల కింద తడిమి, "కాదొలే. గవదలైతే సెవికింద గట్టిగుంటాది. ఇక్కడ మెత్తగుంది" అని తీర్పు చెప్పి, వెళ్ళి కూచుంది.

కిళ్ళీ ఏమో అన్నారు ఎవరో. కిళ్ళీ అయితే పెదాలు ఎర్రగా ఉండాలి, లేవు. లడ్డూ ఏమో అన్నారు. లడ్డూ అయితే నమలకుండా ఎవడుంటాడు అని గది అంతా ఒక్కటైంది. మౌనవ్రతమేమో, మా అమ్మమ్మ శనివారం పూట మాట్లాడదు, అని ఒక పిల్ల అంటే, "వ్రతానికి బుగ్గలెందుకు ఉబ్బాల?" అని పైడిరాజు నిలదీశాడు. ఆ పిల్ల ఆలోచనలో పడింది. లోకనాథం మళ్ళీ టబ్బు వైపు ఆత్రంగా చెయ్యి చూపాడు. ఈసారి ఇద్దరు ఆ సైగను అందుకున్నారు. "సారు ఉమ్మాలంటున్నారు!" అని, ఇద్దరూ కలిసి టబ్బును ఎత్తి, సగం నీళ్ళు నేలమీద ఒలకబోస్తూ తెచ్చి, ఆయన గడ్డం కింద పట్టుకున్నారు. సారు అడ్డంగా తల ఊపారు. ఎంతో కష్టపడి ఊపారు.

ఆ ఊపులో లోకనాథం బుగ్గలు కదిలాయి. అంతవరకూ ఒక్క మాటైనా అనకుండా చూస్తున్న లిఖిత లేచి ముందుకొచ్చింది. అంత దగ్గరగా ఆ పిల్ల ఎప్పుడూ రాలేదు.

"నొక్కి సూడొచ్చాండీ?" అని అడిగింది.

వద్దనడానికి నోరు లేదు. సరే అన్నట్టు లోకనాథం వంగాడు. లిఖిత ఒక వేలితో ఎడమ బుగ్గ నొక్కింది. కుడి బుగ్గ లేచింది. కుడి బుగ్గ నొక్కింది. ఎడమది లేచింది. పిల్లలు చుట్టూ మూగారు. ఇక వరస కట్టి నొక్కనివాళ్ళు లేరు. వాపు కాదు, లోపల ఏదో ఉంది, అటూ ఇటూ తిరుగుతోంది అని తేలిపోయింది. గాలా, నీళ్ళా అన్న దగ్గర తరగతి రెండు పక్షాలుగా చీలింది. గాలి పక్షానికి పైడిరాజు పెద్ద. నీళ్ళ పక్షంలో మొదట లిఖిత ఒక్కతే.

"ఎలాగ సెప్తావు?" అన్నాడు పైడిరాజు.

లిఖిత ఆలోచించింది. ఎవరూ ఆ పిల్లను తొందరపెట్టలేదు. తొందరపెట్టేవాడి నోరు నిండుగా ఉంది. చివరికి ఆ పిల్ల, "నువ్వు గాలి పట్టు. నాను నీళ్ళు పడతాను. ఢిల్లేశ్వరి కొట్టి సూస్తాది" అంది.

పైడిరాజు బుగ్గలు పూరించాడు. లిఖిత తన సీసాలోని నీళ్ళు నోట్లో పోసుకుంది. ఢిల్లేశ్వరి వైద్యురాలిలా ఇద్దరి మధ్యా నిలబడి, వేలు మడిచి పైడిరాజు బుగ్గమీద కొట్టింది. డబ్‌మని చిన్న డప్పులా పలికింది. లిఖిత బుగ్గమీద కొట్టింది. ఏ చప్పుడూ లేదు. నమ్మకం చాలక ఇంకో నలుగురు గాలి పట్టారు, ఇంకో నలుగురు నీళ్ళు పట్టారు. ఒకడు నవ్వాపుకోలేక పక్కవాడి మీద చిమ్మాడు, ఇంకొకడు పొరపాటున మింగేసి మళ్ళీ పోసుకున్నాడు. గది అంతా డబ్‌డబ్‌మనే చప్పుళ్ళూ చిత్తడీ. లోకనాథం ఇదంతా వంగిన నడుంతో చూస్తున్నాడు. అతను వ్యాసంలో రాసిన ఆశ్చర్యం, ఊహ, పరీక్ష, అన్నీ ఆ తడినేల మీద గంతులేస్తున్నాయి. వాటిని మొదటిసారి ప్రాణంతో చూస్తున్నందుకు అతనికి ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి, రెండూ మింగాల్సి వచ్చింది, నీళ్ళు తప్ప.

చివరికి అందరూ నిశ్శబ్దంగా చుట్టూ చేరారు. ఢిల్లేశ్వరి సారు బుగ్గమీద కొట్టింది. చప్పుడు లేదు. రెండో బుగ్గమీద కొట్టింది. అక్కడా లేదు.

"నీళ్ళే!" అని గది కేక పెట్టింది. పైడిరాజు ఓడినవాడి ముఖం ఒక్క క్షణం పెట్టుకుని, వెంటనే దులుపుకుని, ఇంకో ప్రశ్న లేవదీశాడు. "నీళ్ళైతే మింగీయొచ్చు గదా. ఎందుకు నోట్లో ఎట్టుకున్నారు?"

దాహం వేస్తే మింగుతారు, పళ్ళు తోమితే ఉమ్ముతారు, ఊరికే పట్టుకుని నిలబడేవాళ్ళను ఎవరూ ఎరగరు. నీళ్ళు చేదేమోనని ఒకడు బిందె దగ్గరికి పరుగెత్తి తాగి వచ్చి, మంచివే అన్నాడు. పెద్దసారు పందెం కట్టారేమోనని అందరూ వెనక్కి తిరిగి చూస్తే, తవిటినాయుడు మాస్టారు కళ్ళు మూసుకుని కూచున్నారు. ఆయన ముఖంలో ఏమీ దొరకలేదు. అప్పుడు లిఖిత, ఎంతో మామూలుగా, లెక్క తేల్చినట్టు చెప్పింది:

"మాటాడకుండా ఉండడానికి. సారు ఊరికే అయితే మాటాడకుండా ఉండనేరు గదా."

ముందు నవ్వింది సత్యవాణి గారు. నవ్వకూడదని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆ నవ్వు చెవిన పడేసరికి లోకనాథం కట్ట తెగింది. పిల్లల మీద పడకూడదన్న తెలివి ఒక్కటే మిగిలి, గిరుక్కున నల్లబల్ల వైపు తిరిగాడు. అంతసేపు దాచిన నీళ్ళు, అతను రాత్రంతా కూచుని రాసిన చార్టు మీద వానలా పడ్డాయి.

జవాబులన్నీ కారడం మొదలుపెట్టాయి. తేలేవి మునిగేవాటిలో కలిశాయి, కారణాలు ఒకదాని మీదికొకటి జారాయి. లోకనాథం దగ్గుతూ, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ దానివంక చూసి నీరసపడిపోయాడు. పిల్లలకు మాత్రం అందులో విచారించాల్సింది ఏదీ కనబడలేదు. అందరూ చార్టు మీద పడ్డారు.

"ఒరే, నల్లరంగు సూడు! కారుతుంటే అంచున నీలం వస్తంది!"

"ఇటేపు ఊదారంగొలే!"

"నలుపులో నీలం ఎవులెట్టినారు?" అని లిఖిత అడిగింది. అడిగి, సారు వంక చూసింది. తరగతి మొత్తం సారు వంక చూసింది.

దీనికి జవాబు లోకనాథానికి తెలుసు. చక్కగా తెలుసు. రంగులు ఎలా కలిసి నలుపవుతాయో, నీళ్ళు వాటిని ఎలా విడదీస్తాయో, అంతా నాలుక చివరనే ఉంది. నోరు ఖాళీగా ఉంది. వెనక అధికారిణి పెన్ను పట్టుకుని చూస్తున్నారు. ఇన్నాళ్ళకు పిల్లలు తమంతట తాము ఒక ప్రశ్న అడిగారు, అడిగినదానికి చెప్పకపోతే ఇంకెందుకు మాస్టారు? అతను ఊపిరి పీల్చుకుని నోరు తెరిచాడు.

తెరిచీ తెరవగానే పైడిరాజు చార్టు మీదినుంచి చెయ్యి తీసేశాడు. ఢిల్లేశ్వరి వెనక్కి జరిగింది. పక్కవాళ్ళు కింద కూచున్నారు. ఒక్కొక్కరే, ఎవరూ చెప్పకుండానే, చేతులు కట్టుకున్నారు. అందరికంటే చివర, తడిసిన వేళ్ళను గౌనుకు తుడుచుకుని, లిఖిత కూడా చేతులు కట్టుకుంది. ఆ పిల్ల కళ్ళల్లో ఇందాకటి వెలుగు మెల్లగా సర్దుకుని, పాత ఓపిక వచ్చి కూచుంటోంది.

లోకనాథం అది చూశాడు. నెలల తరబడి ప్రతిరోజూ జరిగినదే, కానీ అంతవరకూ చూడలేదు, ఎందుకంటే ఆ సమయంలో ఎప్పుడూ మాట్లాడుతూనే ఉన్నాడు. అతనికి సిగ్గు వేసింది. సిగ్గుకంటే ఎక్కువగా బాధ వేసింది. తెరిచిన నోరు అలాగే ఉంది, చెప్పాల్సింది అందులో సిద్ధంగా ఉంది, గదిలో చేతులన్నీ కట్టుకుని ఉన్నాయి.

అతను నోరు మూసుకున్నాడు. ఊరికే మూసుకుంటే ఆగదని తెలుసు గనక, బిందె అందేంత దూరంలో లేదు గనక, రెండు బుగ్గలూ బాగా పూరించి, పెదాలు బిగించి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

ఢిల్లేశ్వరి లేచొచ్చి, వేలు మడిచి, సారు బుగ్గమీద కొట్టింది. డబ్‌మంది. "ఇప్పుడు నీళ్ళు నేవు. ఉత్త గాలే!" అని అందరికీ చాటింది. ఇక సారు వల్ల ప్రయోజనం లేదని తెలిసిపోయింది. లిఖిత చేతులు విప్పేసి టబ్బు దగ్గరికెళ్ళి, దోసిట్లో నీళ్ళు తెచ్చి, ఎర్రరంగు అక్షరాల మీద పోసింది. "ఎరుపులో ఏటుందో సూద్దాం" అంది. పైడిరాజు ఆకుపచ్చ తనదన్నాడు. చార్టు నేలమీదికి వచ్చింది, తరగతి దాని చుట్టూ మోకాళ్ళ మీద కూచుంది. ఎరుపులోంచి ఎరుపే వస్తోందని ఒకరు, ఆకుపచ్చ రెండుగా చీలుతోందని ఒకరు, నీలంలో ఏమీ లేదని ఒకరు, ఉందని ఒకరు. ఇంటి గంట మోగింది. ఎవరూ లేవలేదు.

లోకనాథం బుగ్గలు నొప్పెడుతున్నా దించలేదు. గాలి అయిపోతే ముక్కుతో పీల్చుకుని మళ్ళీ నింపుకుంటున్నాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, అవి ఎందుకో అతనికే తెలుసు.

సత్యవాణి గారు పెన్నుకు మూత పెట్టారు. తడిసిన కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, చార్టు తొక్కకుండా పక్కనుంచి గుమ్మం దాకా వచ్చి ఆగారు. "ఈయన్ని శిక్షణకి పంపే మాట మరిచిపోండి నాయుడు గారూ" అన్నారు. మరోసారి వెనక్కి తిరిగి, బుగ్గలు పూరించుకుని నిలబడిన యువకుడి వంక కొంచెం ఆదుర్దాగా చూసి, గొంతు తగ్గించారు.

"నిజం చెప్పండి. ఈయనకి పంటినొప్పి లాంటిది ఏమీ లేదు కదా?"

తవిటినాయుడు మాస్టారు తీరిగ్గా చెప్పులు విడిచారు.

"నొప్పి ఉండేదమ్మా, పంటిది మాత్రం కాదు. ఇప్పుడిప్పుడే తగ్గుతోంది."